గుదిబండకు దండం

అడవిలో గేదెలు మూడు తరాలుగా తోడేలు దొరకు వెట్టిచాకిరీ చేసేవి. పారిపోకుండా ఒక్కోదాని మెడలో ఒక్కో గుదిబండ వేలాడేది. నడిచినప్పుడల్లా ఆ దుంగ మోకాళ్లకు కొట్టుకునేది.

వెట్టి ఇక చెల్లదని ఏనుగు రాజు చాటింపు వేయించాడు. దొర చేసేది లేక సభ పెట్టాడు. గుదిబండలు స్వయంగా విప్పి, తన దయాగుణం గురించి గంటసేపు మాట్లాడాడు. మధ్యలో తన మాటలకు తానే కళ్లు తుడుచుకున్నాడు. దొర కొలువులోని నక్క చప్పట్లు కొట్టింది.

ముసలి గేదె ముత్తవ్వ మాత్రం మందను ఏటివైపు మళ్లించింది. అవతలి ఒడ్డున ఏ దొరకూ చెందని పచ్చిక ఉంది.

"ఏయ్, ఆగండి! ఈ గుదిబండలు కూడా మోసుకుపొండి. మిమ్మల్ని నేనే విడిపించానని మీ దూడలకు తెలియొద్దూ? ఏటేటా ఇదే రోజున ఇవి మెడలో వేసుకొచ్చి నాకు దండం పెట్టాలి" అన్నాడు దొర.

ముత్తవ్వ నీళ్లలోకి దిగి, కాయలు కాసిన తన మోకాళ్లు చూసుకుంది.

"మాకు ఈ మోకాళ్లు చాలు దొరా, అంతా గుర్తుంటుంది. మరిచిపోయేది మీరే. అవి మీ మెడలో వేసుకోండి."