కోడికి వేన్నీళ్ళు

"మోకాళ్ళకి వేన్నీళ్ళు మంచివని డాక్టరుగారు చెప్పారు కదండీ. కీళ్ళు వదులవుతాయన్నారు," అంది సూర్యకాంతమ్మ, గుమ్మం పట్టుకుని గడప దాటుతూ.

"సగమే చెప్పకు. బీపీ ఉన్నవాళ్ళకి కళ్ళు తిరుగుతాయన్నాడు. మరీ వేడిగా పోసుకుంటే ఒళ్ళు పొడారిపోతుందన్నాడు," అన్నారు వెంకటరామరాజుగారు, స్కూటరు తుడుచుకుంటూ.

"నాకు బీపీ లేదన్నారు కదండీ!"

"ఇప్పుడు లేదు. వేన్నీళ్ళు పోసుకో, అదే వస్తుంది."

దాంతో విషయం తేలిపోయింది. ఆ ఇంట్లో విషయాలు అలాగే తేలేవి.

రాజుగారికి భీమవరం పక్కన రొయ్యల చెరువుతో పాటు వేన్నీళ్ళ మీద సొంత సిద్ధాంతం ఒకటి ఉంది. వేడి బలాన్ని బయటికి లాగుతుందట. చలవ బలాన్ని లోపల దాస్తుందట. కాబట్టి ఇల్లాలికి చన్నీళ్ళు, పందెం కోడికి వేన్నీళ్ళు. ఇది ఏ శాస్త్రంలో ఉందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

ఆ కోడి వరండాలో, ఆయన పడక్కుర్చీ పక్కనే ఉంటుంది. ఎర్రటి డేగ పుంజు. పొద్దున్న నానబెట్టిన బాదంపప్పు, మధ్యాహ్నం ఖైమా, సాయంత్రం ఉడకేసిన గుడ్డు. ఇంటికొచ్చిన అల్లుడు ఆ పళ్ళెం వంక ఒకసారి చూసి, తన పళ్ళెం వంక చూసుకుని, చెయ్యి కడుక్కున్నాడు.

నిరుడు పక్క వీధి చంద్రరావుగారి నెమలి పుంజు చేతిలో రాజుగారి కోడి ఓడిపోయింది. కత్తులు కట్టకుండా, ఉత్త సరదాకి వేసిన పందెమే. ఆ సరదాకి రాజుగారు నాలుగు నెలలు చంద్రరావుగారి వీధిలోంచి వెళ్ళలేదు. ఈ కార్తీకంలో మళ్ళీ పందెం.

సూర్యకాంతమ్మకీ కార్తీకంలోనే గండం. అన్నవరం కొండ మెట్లెక్కి వస్తానని మొక్కుకుని నాలుగేళ్ళయింది. మోకాళ్ళు సహకరించడం లేదు.

"కార్లో పోదాం. దేవుడేమన్నా కొలుస్తాడా?" అన్నారు రాజుగారు.

"మొక్కింది మెట్లకండీ."

"సరే, ఈ ఏడు చూద్దాం. ఎక్కలేకపోతే మాత్రం మళ్ళీ నా దగ్గర కొండ మాటెత్తకు."

పందేనికి ఇంకా మండలం, అంటే నలభై రోజులు గడువుంది. రాజుగారు పథకం వేశారు. రోజూ తెల్లారగట్ల రాగి కాగు నిండా నీళ్ళు. అందులో వావిలాకు, జామాయిలు ఆకు, గుప్పెడు పసుపు. మరిగాక ఒంటికి పట్టేంత వేడికి దించి, కోడికి స్నానం. ఆయన అయిదింటికల్లా చెరువు మీదికి వెళ్ళాలి గనక ఆ పని సూర్యకాంతమ్మకి పడింది.

"రోజుకి ఒకటే కాగు. చుక్క మిగలకూడదు."

"ఆయ్. చుక్క మిగల్నివ్వనండీ."

ఎనిమిదింటికి ఆయన తిరిగొచ్చేసరికి డేగ తడిసి, ఎండలో రెక్కలు విదుల్చుకుంటూ ఉండేది.

"నీళ్ళు పడగానే ఎలా ఉంటోంది?"

"గెంతుతోందండీ. నన్ను పొడవడానికి మీదికొస్తోంది."

"అదీ! నరాలు లేస్తున్నాయన్నమాట."

మూడో వారంలో ఒక రోజు నీళ్ళు మరీ కాగిపోయాయి. రాజుగారు వచ్చేసరికి సూర్యకాంతమ్మ పెరట్లో స్తంభానికి జారగిలబడి ఉంది. మొహం ఎర్రబడింది. కళ్ళు తిరిగాయంది.

"పొయ్యి పొగ పడలేదు నీకు," అని తేల్చేశారాయన. వెంటనే ఆదుర్దా పడ్డారు. "కోడికేం కాలేదు కదా?"

"దానికేమండీ, నిక్షేపంలా ఉంది. రేపట్నుంచి గోరువెచ్చగా దించుతాను."

"ఆ, అదే మంచిది. అసలే సుకుమారం."

నాలుగో వారానికి సూర్యకాంతమ్మ గడప దాటడానికి గుమ్మం పట్టుకోవడం మానేసింది. అయిదో వారంలో అటకెక్కి ఆవకాయ జాడీ దించింది. రాజుగారు మీసం దువ్వుకున్నారు.

"చూశావా చన్నీళ్ళ మహిమ? పైగా కార్తీకంలో చన్నీళ్ళ స్నానం పుణ్యం కూడాను."

"పుణ్యం దక్కాల్సినవాళ్ళకి దక్కుతుందిలెండి."

ఆదివారం మామిడితోటలో పందెం. చంద్రరావుగారి నెమలి రెండుసార్లు ఎగిరింది. మూడోసారి డేగ లేచిన ఊపు చూసి, కంచె దూకి పక్క చేలోకి పారిపోయింది.

"ఏం పెట్టారండీ బాబూ దీనికి?" అన్నారు చంద్రరావుగారు, పుంజు కోసం గట్లెంట పరిగెడుతూ.

"పెట్టడం కాదండీ, పొయ్యడం!" అని అరిచారు రాజుగారు.

ఆ గురువారం అన్నవరం. రాజుగారు సగం మెట్ల దగ్గర కూలబడి, కండువాతో విసురుకుంటూ పైకి చూస్తే సూర్యకాంతమ్మ చీర కొంగు మలుపులో మాయమవుతోంది. ఆయన రొప్పుకుంటూ పైకి చేరేసరికి ఆవిడ దర్శనం చేసుకుని, ప్రసాదం పొట్లం విప్పి, ఆయన కోసం సగం తీసి పెట్టింది.

రాజుగారికి ఆయాసంలోనూ ఆనందం ఆగలేదు. కోడి గెలిచింది. ఇల్లాలు కొండెక్కింది. సిద్ధాంతం అటూ ఇటూ కూడా రుజువైపోయింది. ఆ ఊపులో ఆయనకి ఎన్నడూ లేనంత ఉదారబుద్ధి పుట్టింది.

"కాంతం! రేపట్నుంచి ఆ కాగు వేన్నీళ్ళు నువ్వే పోసుకో. నేనేం అనను."

"ఆయ్, అలాగేనండీ, ఎలాగూ నలభై రోజుల్నుంచి అలవాటైపోయింది," అంది సూర్యకాంతమ్మ ప్రసాదం నోట్లో వేసుకుంటూ, "కోడికి మాత్రం ఎప్పట్లాగే తొట్టిలో చన్నీళ్ళు గుమ్మరిస్తాను."