చెయ్యి చాపని కానిస్టేబులు

"చీర గార్డు ఏదప్పా?" అన్నాడు కానిస్టేబులు, యెజ్డీ మోటార్ సైకిల్ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని.

స్టాన్లీకి ముందు అర్థం కాలేదు. ఆడవాళ్లు వెనక కూర్చుంటే కొంగు చక్రంలో పడకుండా బిగించే ఇనప జాలీ గురించని తెలిశాక ఒళ్లు మండింది.

"నాకింకా పెళ్లి కాలేదండీ."

"రేపు అయితేనో?" అని కానిస్టేబులు తాపీగా లేచి, బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. గార్డు బిగించుకొచ్చి తాళం తీసుకుపొమ్మన్నాడు.

వంతెన పని కోసం ఏడు నెలలు మూసేసిన హైవేను ఆ సోమవారమే తెరిచారు. అన్నాళ్లూ చుట్టుదారి గుంతల్లో నడుము విరగ్గొట్టుకుంటూ చందాపురలోని బడికి వెళ్లిన స్టాన్లీ, కొత్త తారు మీద బండిని నాలుగో గేరులో పరుగెత్తించి తెగ మురిసిపోయాడు. ఆ మురిపెం వంతెన దిగేదాకానే. దిగీ దిగగానే ఈ కానిస్టేబులు. సోమవారం కుడి వైపు అద్దం లేదని ఆపాడు. మంగళవారం నంబరు ప్లేటు మీద అంకెలు వంకరగా ఉన్నాయన్నాడు. బుధవారం హెడ్‌లైటు పై సగానికి నల్లరంగు ఏదన్నాడు. ఇవాళ చీర గార్డు.

చిత్రమేమిటంటే, ఆ మనిషి చెయ్యి చాపడు. మొదటిరోజు స్టాన్లీ జేబు తడుముకోబోతే, అలాంటి పాపం తన చేత చేయించవద్దని నొచ్చుకున్నాడు. కేసూ రాయడు. లోపం సరిచేసుకుని వస్తే చాలు, చిరునవ్వుతో సాగనంపుతాడు. బడిలో ఈ సంగతి చెబితే తోటి టీచరు గీతాంజలి నమ్మలేదు. అలాంటివాణ్ని ఫొటో తీసి గోడకు తగిలించుకోవాలంది. స్టాన్లీకి మాత్రం ఏదో ఒకటి పుచ్చుకుని వదిలేసే మామూలు పోలీసు మీద మొదటిసారిగా ప్రేమ పుట్టింది.

చేసేదేముంది, బండిని తోసుకుంటూ వంతెన పక్కనున్న స్పేర్ పార్టుల షాపుకి వెళ్లాడు. షాపు నడిపే నాగమ్మ దూరం నుంచే చూసి స్పానర్ చేతిలోకి తీసుకుంది.

"మళ్లీ పట్టుకున్యాడా సారూ? ఇయ్యాళ ఏమంట?"

చెప్పాడు. ఆమె ముక్కున వేలేసుకుని, ఆ పాపిష్టివాడి చేతులు పడిపోనని తిట్టిపోసింది. తిడుతూనే చూరుకు వేలాడుతున్న గార్డు దించి, నేల మీద చతికిలబడి తానే బిగించేసింది. తన కష్టానికి ఇంతగా కరిగిపోయే మనిషి ఈ మహానగరంలో ఆమె ఒక్కతే అనిపించింది స్టాన్లీకి.

ఆ రోజు బడికి చేరేసరికి ప్రార్థన అయిపోయింది. మూడురోజులు చూసీ చూడనట్టు ఊరుకున్న హెడ్‌మిస్ట్రెస్ ఒక కాగితం చేతిలో పెట్టింది. ఇంకొక్కసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని అందులో ఉంది. టెంపరరీ టీచరుకి ఇంతకన్నా పెద్ద కాగితం అవసరం లేదు.

సాయంత్రం తిరిగొస్తూ స్టాన్లీ తిన్నగా నాగమ్మ షాపు ముందు ఆగాడు. బండిలో ఏ లోపం ఉన్నా ఇప్పుడే చెప్పమన్నాడు. ఆమె హారన్ మార్చింది, బ్రేక్ లైటు మార్చింది, వెనక మడ్‌గార్డుకు రబ్బరు ముక్క తగిలించింది, ఇండికేటర్లు నాలుగూ వెలిగించి చూసింది.

"రేపు వాడు తప్పు యెతకల్లంటే సోడాబుడ్డి అద్దాలు పెట్టుకోవాల సారూ," అంది.

శుక్రవారం స్టాన్లీ వంతెన దిగుతూ తానే బండి ఆపాడు. కానిస్టేబులు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. అద్దంలో ముఖం చూసుకున్నాడు. హారన్ కొట్టాడు, బ్రేక్ తొక్కాడు, వంగి సైలెన్సర్‌లోకి తొంగిచూశాడు. లేచేసరికి ముఖం వాడిపోయింది.

"పోప్పా," అన్నాడు నీరసంగా.

"ఇంకోసారి చూడండి సార్. నాకేం తొందర లేదు," అన్నాడు స్టాన్లీ. ఆ మాట కోసం రాత్రంతా అద్దం ముందు సాధన చేశాడు మరి.

కిక్ కొట్టి, ఠీవిగా యాభై గజాలు పోయాడో లేదో, వెనక చక్రం బుస్సుమంది. దిగి చూస్తే వేలెడంత మేకు. వంతెన పనివాళ్లు వదిలేసినదే అయి ఉంటుంది.

టైం ఎనిమిదీ ముప్పై అయిదు. తొమ్మిదికి గంట. చెమటలు కక్కుతూ బండిని షాపు దాకా తోశాడు.

"అయ్యో సారూ, పంచర్లేసేది మా ఆయన. నాకు చేత గాదు. ఆయన పని మింద ఉండాడు," అంది నాగమ్మ.

"ఎప్పుడొస్తాడమ్మా?"

"పదింటికి గానీ రాడు."

స్టాన్లీ షాపు గడప మీద కూలబడ్డాడు. జేబులోంచి హెడ్‌మిస్ట్రెస్ కాగితం తీసి, ఈ రోజుతో తన ఉద్యోగం సరి అని చెప్పాడు. నాగమ్మ కాగితం వంక చూసింది. గాలి పోయిన చక్రం వంక చూసింది. ఈ వారమంతా ఆ బండికి తన చేత్తో బిగించిన అద్దం, గార్డు, హారన్, అన్నీ ఒక్కొక్కటే చూసింది. పెద్దగా నిట్టూర్చి, కొంగు నడుముకి దోపుకుని రోడ్డు అంచుకి నడిచింది. అక్కడ కానిస్టేబులు అప్పుడే ఇంకో మోటార్ సైకిల్‌ను ఆపి, దాని అద్దాలు లెక్కపెడుతున్నాడు. నాగమ్మ లారీల రొదను మించి గొంతెత్తి కేకేసింది.

"ఏమయ్యో, ఆ టోపీ తీసి పెట్టి తొందరగా రా, సారు బండికి పంచరేయల్ల."