జామాయిల్ తోటలో పాట

పర్ణశాల నుంచి తిరిగొస్తూ, చీకటి పడ్డాక అడవి దారిలో వాసు బండి ఆపాడు. చెట్లల్లోకి పోయొస్తానంటే భార్య సరిత అతని చొక్కా పట్టుకుంది.

"నన్నొక్కదాన్నే ఇడిచి పోతవా? నాకు భయమైతది."

వాసు ఫోన్‌లో రేడియో పెట్టాడు. చార్జింగ్ తక్కువుందని స్క్రీన్ ఆర్పి జేబులో వేసుకున్నాడు. పాట మాత్రం ఆగలేదు. "గిది ఇనబడ్తున్నంతసేపు నేను దగ్గర్నే ఉన్న అనుకో," అని నవ్వి జామాయిల్ తోటలోకి వెళ్లాడు.

సరిత చెవులు రిక్కించి నిలబడింది. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలైంది. అది దూరం జరుగుతున్నట్టనిపించి ఆమె గుండె దడదడలాడింది.

"ఏమయ్యా, ఇంకా లోపలికి పోతున్నవేంది? జల్దీ రా!" అని అరిచింది.

వెంటనే పాట దగ్గరికి రావడం మొదలుపెట్టింది. ఆమె ఊపిరి పీల్చుకుంది.

అంతలో వెనక రోడ్డు మీద అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే వాసు, రొప్పుతూ వస్తున్నాడు.

"పోంగనే ఫోన్ బందయింది. చీకట్ల దారి తెల్వక అటు దిక్కు తేలిన. ఎవల్ని పిలుస్తున్నవ్?"

అతని చేతిలో ఫోన్ నల్లగా ఉంది. తోటలో పాట ఇంకా వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు వాసు కూడా విన్నాడు.

"బండి తియ్యి," అంది సరిత.

అతను తాళం తిప్పేలోపే పాట చెట్లు దాటి రోడ్డెక్కింది.