ఉప్పు పడని కోడలు

ఆ ఉదయం ఆకాశంలో మబ్బు తునక లేదు. ఉప్పు మడులకు అంతకంటే మంచి ఎండ దొరకదు. అయినా మేము పనికి పోలేదు. ముందురోజే కొత్త కోడలు నీలవేణి కాపురానికి వచ్చింది. మర్నాడు అత్త ఒకే బేసిన్‌లో అన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ.

ఇప్పుడు బిడ్డ పుట్టగానే రక్తం చదివి, ముందుముందు బీపీ వస్తుందో రాదో చెప్పేస్తున్నారు. ఆ రక్తానికి తగ్గట్టు చేసిన కంచం ఒక్కొక్కరికీ ఇస్తున్నారు. పడనంత ఉప్పు తగిలితే కంచం అంచు ఎర్రబడుతుంది. నీలవేణి కంచంలో పులుసు చుక్క వేసి చూశాం. అంచు ఎర్రబడింది.

"ఈ బీపీ గుణం అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ కూడా వచ్చింది మావయ్యా. నేను విడిగా తింటాన్లెండి," అంది తల దించుకుని.

మా అక్క సూరీడమ్మ ఊరుకుంటుందా? "ఉప్పు పండించే కొంపకి ఉప్పు పడని పిల్లని తెచ్చావేంరా తమ్ముడా! ఇహ దీనికి వేరే పొయ్యే!"

పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఈ ముద్దల రోజే విడిగా కూర్చుంటే ఇక ఎప్పటికీ విడిగానే అని దానికి తెలుసు.

నా భార్య అచ్చియ్యమ్మ పులుసు గిన్నె పక్కకు జరిపింది. ఉప్పు లేకుండా పప్పు ఉడికించి, చింతపండూ పచ్చిమిర్చీ దండిగా వేసి, అన్నంలో కలిపింది.

"ఈ ఇంట్లో కుండ ఒకటే వదినా. ఉప్పు మడుల్లో ఉంది, చాలు."

మొదటి ముద్ద కోడలి చేతిలో పెట్టింది. తర్వాత మా అబ్బాయికి, నాకు. అక్క కాసేపు చూసి, తనూ చెయ్యి చాపింది.

అందరం కడుపు నిండా తిన్నాం.