ఏడో అర్జీ

తన చెరువు ఎండిపోతే పొరుగు చెరువుకొచ్చి ఆరేళ్లయిన బాతు, శాశ్వతంగా ఉండనివ్వమని ఏడో అర్జీ పట్టుకుని, పిల్లలను వెంటేసుకుని తాబేలు దగ్గరికి వెళ్లింది. అక్కడ అర్జీలు చూసేది తాబేలే.

"ఆరుసార్లు కాదన్నావు. ఇంకేం దారుంది మావా?"

"గూడున్నవాళ్లకు అనుమతిస్తాం."

"అయితే కట్టుకుంటాను."

"అనుమతి ఉన్నవాళ్లే కట్టాలి. లేదంటే ఏడేళ్లు చెరువు దాటకుండా ఉండాలి."

"ఏటా వేసవిలో నీళ్లింకితే మీరు బురదలో దూరతారు. నేనెక్కడ దూరను?"

"పోనీ, నీ పిల్లలు ఇక్కడే పుట్టారుగా. ఎదిగాక నీ తరఫున వాళ్లే అర్జీ పెడతారు."

"రెక్కలొచ్చాక వాళ్లు ఇక్కడుంటారా?"

చిక్కు ప్రశ్న వచ్చినప్పుడల్లా చేసినట్టే తాబేలు తలా కాళ్లూ డిప్పలోకి లాక్కుంది.

బాతుకు ఒళ్లు మండిపోయింది. పిల్లలతో సహా ఆ డిప్ప మీదికెక్కి కూర్చుంది.

"నువ్వు తల బయట పెట్టేదాకా మా శాశ్వత నివాసం ఇదే."