ఎర్ర నూనె డబ్బా

"మళ్ళీ ఆ పాత నూనే పోసినావంటే నీ చేతులిరగ్గొడతా!" అంది గురమ్మ.

లేవి మేస్త్రి కారు కిందనుంచి తల బయటపెట్టాడు. కడప ఊరి చివర అతని రేకుల షెడ్డులోకి ఒక ఆడమనిషి వచ్చి అరవడం ఇదే మొదలు.

"ఎవురుమ్మే నువ్వు? కారు నీదా?"

"మా ముగ్గురాయి గని సావుకారుది. ఆడ కూలిదాన్ని. మధ్యాన్నం ఇది ఘాటు రోడ్డెక్కి రాయచోటికి పోతాది గదా?"

"పోతాది. నీకేమి?"

"పోయిన రెండుసార్లూ మూడో మలుపులోనే ఆగిపాయ. ఈసారీ ఆగిందంటే మా ఓబులేసు నాకు దక్కడు."

"ఓహో, డ్రైవరు నీ కొడుకా! నిజమేలే, సావుకారుకు పగోళ్ళు శానామంది. ఆగిన కారులో ఉండేటోళ్ళను ఎవుడైనా నరుకుతాడు."

"వాళ్ళ నాయన్ను గని మింగింది. వీడొక్కడే మిగిల్నాడు."

అది క్లచ్చి లేని అమెరికా కారు. గేర్లు వాటంతట అవే మారతాయి. మార్చేది నూనె. దానికి పోయాల్సిన ఎర్ర నూనె బదులు సావుకారు పిసినారితనంతో మామూలు ఇంజను నూనె పోయించాడు. గేరుపెట్టె అడుగున నూనె వడకట్టే జాలి నిండా నల్లటి మడ్డి. ఎత్తు ఎక్కేసరికి నూనె కాగిపోతుంది, కారు చతికిలబడుతుంది.

"జాలి కడిగి ఆ నూనే పొయ్యమన్న్యాడు సావుకారు. పోస్తా. నువ్వు పో."

"ఆ గూట్లో ఎర్ర నూనె, కొత్త జాలి, లోతు నూనె తొట్టి ఉండాయి గదా?"

"డాక్టరు దొర కారుకు తెప్పించినా. తాకినావంటే చూడు!"

గురమ్మకు ఎప్పుడూ చెడే ముందు కనబడుతుంది. కారు ఆగినట్టు, కొడవలి లేచినట్టు, రోడ్డు ఎర్రగా తడిసినట్టు కళ్ళ ముందే జరిగిపోతోంది. చేతి వెండి కడియం లాగి అతని మీదికి విసిరింది.

"తీసుకొని చావు! ఆ లోతు తొట్టి గూడా బిగించు. నూనె ఎక్కువ పడ్తాది, బిరీన కాగదు. గని లారీలోళ్ళు చెప్తాంటే విన్నా."

లేవి వెటకారంగా నవ్వాడు. "వంట చెప్పినట్టు చెప్తాండావే! లోతుది కిందికి దిగుతాది. రాయి తగిలి పగిలితే నూనెంతా కారి, ఆణ్ణే ఆగుతాది."

ఈ ముప్పు గురమ్మకు కూడా తట్టలేదు. షెడ్డు మూలకు వేలు చూపించింది.

"దాని కింద ఇనుప రేకు కొట్టు."

"కొట్టకపోతే?"

ఆమె పోయి చక్రం ముందు కూర్చుంది. "ఇది నా మీదనే పోవల్ల."

తిట్టుకుంటూనే లేవి ఎర్ర నూనె పోశాడు. కొత్త జాలి, లోతు తొట్టి, దాని కింద రేకు, అన్నీ బిగించాడు. సావుకారు మనుషులు వచ్చి కారు తీసుకుపోయారు.

సాయంత్రందాకా గురమ్మ షెడ్డు గుమ్మం వదల్లేదు. రాయచోటినుంచి వచ్చిన లారీకి అడ్డం నిలబడింది.

"గని సావుకారు కారా? రాయచోటిలో చూసినా. ఘాటు మింద యాడా ఆగలేదంట" అన్నాడు లారీ డ్రైవరు.

ఆమె రోడ్డు మీదే కూలబడి బావురుమంది.

"ఇంగెందుకు ఏడుస్తావు?" కసిరాడు లేవి. "కారు తోల్తాండేది నీ కొడుకే గదా, బతికినాడు పో!"

ఓబులేసుకు కారు తోలడం రాదు. పొద్దుటినుంచీ వేటకొడవలి పట్టుకొని మూడో మలుపు బండ చాటున, ఆ కారు వచ్చి ఆగడం కోసం కాచుకొని కూర్చున్నది అతనే.