డోడోల్‌కి లేతెండ

చీపురు కనపడగానే నికెన్ పామును చప్పున ఒడిలోకి లాక్కుంది.

ఎదురింటి కసియెమ్ అవ్వ ఇవాళా వచ్చేసింది. సందులోని గడ్డిజాగా చివర, గోడవారగా నిలబడింది. చేతిలో ఈనెల చీపురు. ఊడవదు. పలకరించదు. పాము వంక ఓసారి చూసి, వెంటనే మొహం అటు తిప్పేసుకుంటుంది.

అవ్వ ఆ ఎదురింటి గదిలో అద్దెకు దిగి ఎన్నాళ్లో కాలేదు. ఏదో పల్లె నుంచి వచ్చిందనీ, వేరుశనగ చెక్కలు వేయించి అమ్ముతుందనీ తప్ప, మలాంగ్ పట్నంలోని ఆ సందులో ఎవరికీ ఆమె సంగతి తెలియదు.

నికెన్ పాము పేరు డోడోల్. ముదురుపాకం రంగులో ఉంటుందని, అదే రంగులో ఉండే బెల్లం మిఠాయి పేరు పెట్టుకుంది. బంతిలా ముడుచుకు పడుకునే చిన్నరకం కొండచిలువ. విషం లేదు. పెన్సిలంత ఉన్నప్పటి నుంచీ తనే పెంచింది. బడిపిల్లలకు యూనిఫారాలు కుట్టుకుంటూ ఒంటరిగా బతికే నికెన్‌కి ఇంట్లో ఉన్న తోడు అదొక్కటే.

ఆ మధ్య డోడోల్ తిండి మానేసింది. ఎలుకపిల్లను ముందు పెట్టినా తల తిప్పేసుకునేది.

"ఎంతసేపూ గాజుపెట్టెలోనే ఉంటే ఎలాగమ్మా? పొద్దునపూట కాసేపు గడ్డిమీద వదిలి చూడు. లేతెండ చాలు. కళ్లు మాత్రం దాని మీంచి తియ్యకు" అన్నాడు పశువుల డాక్టరు.

ఆ గడ్డి సందులో అందరిదీ కాబట్టి సందు పెద్ద సుగెంగ్‌ని అడిగితే, ఆయన భార్య ససేమిరా అంది.

"పాముకి షికారేంటే? పెట్టెలో పుట్టింది, పెట్టెలోనే ఉండనీ. జారిపోయి ఎవరి మంచం కింద దూరుతుందో."

"నా చేతికి అందేంత దూరంలోనే ఉంచుకుంటా పిన్నీ. తిండి తినడం లేదు అది."

సుగెంగ్ తల గోక్కున్నాడు. "సరే, తెచ్చుకో. కానీ ఒక్కరు వచ్చి ఫిర్యాదు చేశారా, మళ్లీ గుమ్మం దాటించకూడదు."

మొదటిరోజు గడ్డి తగలగానే డోడోల్ బిగుసుకుపోయింది. తరవాత్తరవాత నాలుక చాపి ఒక్కో పరకనూ తడమడం మొదలుపెట్టింది. వారం తిరక్కుండానే ఎలుకపిల్లను మింగింది. ఆ పూట నికెన్ కూడా కడుపునిండా తిన్నది.

అలాంటప్పుడు వచ్చి పడింది ఈ చీపురు. ఏ క్షణాన అవ్వ మీదపడి కొడుతుందో, లేక సుగెంగ్ దగ్గరికి వెళ్తుందో అని నికెన్ భయపడేది. తెచ్చిన పామును తెచ్చినట్టే లోపలికి తీసుకుపోయేది.

ఓ రోజు ఉండబట్టలేక అడిగేసింది.

"అవ్వా, ఆ చీపురు నా పాము కోసమేనా?"

అవ్వ ఉలిక్కిపడింది. "కాదు తల్లీ."

"మరి రోజూ దేనికి పట్టుకు నిలబడతావ్? చూడ్డం ఇష్టం లేకపోతే తలుపేసుకుని లోపల కూర్చో. నిన్నెవరు రమ్మన్నారు?"

అవ్వ ఏదో అనబోయింది. అంతలో డోడోల్ నికెన్ ఒడిలోంచి తలెత్తింది. అవ్వ గబగబా వెనక్కి జరిగింది.

"సరేనమ్మా" అని మాత్రం అని, వెళ్లిపోయింది.

మర్నాడు మళ్లీ వచ్చింది. ఈసారి ఇంకాస్త దూరంగా, మురుగుకాలవ పక్కన. నికెన్ చూడనట్టే కూర్చుంది.

కొన్నాళ్లకు ఓ పొద్దున అవ్వ కనపడలేదు. గది తలుపుకి తాళం.

నికెన్ ప్రాణానికి హాయిగా అనిపించింది. డోడోల్‌ని చాలాసేపు వదిలింది. అది ఎన్నడూ లేనట్టు ఒళ్లంతా చాపుకుని ఎండ కాగింది.

వెనక గోడ మీంచి ఏదో ధబ్బున దూకింది.

పిల్లి. దాని వెనకే ఇంకొకటి. నికెన్ పాము మీదికి వంగి రెండు చేతులూ అడ్డం పెట్టింది. చేతులు మోచేతుల దాకా గీరుకుపోయాయి. కోడిగంజి అమ్మే బండి తర్జి పరుగున వచ్చి చెంబెడు నీళ్లు విసిరాడు. పిల్లులు పారిపోయాయి. డోడోల్ తోక దగ్గర చిన్న గాటు, అంతే.

"అవ్వ లేదుగా, అందుకే రెచ్చిపోయాయి" అన్నాడు తర్జి.

"అవ్వకీ పిల్లులకీ ఏంటి బాబాయ్?"

"చేపల కొట్టు పిల్లులు ఈ గోడ మీదికే గదా వచ్చేది. రోజూ చీపురుతో అదిలించేది ఆవిడే. నీకెందుకవ్వా ఈ గోల అని అడిగా ఓసారి. 'ఆ పిల్ల కళ్లు పాము మీదే ఉంటాయి, వెనకవైపు ఎవరో ఒకరు చూడాలి గదా' అంది. నువ్వే బతిమాలుకున్నావేమో అనుకున్నా."

నికెన్ తాళం వేసిన తలుపు వంక తిరిగింది.

"ఎక్కడికెళ్లింది బాబాయ్?"

"తెల్లారగట్ల ఒళ్లు కాలిపోతుంటే సుగెంగ్ ఆస్పత్రిలో చేర్చాడు. అట్నుంచటే వాళ్లవాళ్లు ఊరికి తీసుకుపోతారట. తగ్గాక వస్తుందిలే."

నికెన్ ఎదురు చూసింది. కుట్టుమిషను ముందు కూర్చున్నా చూపు ఆ తాళం మీదే. అవ్వ రాగానే ఏమనాలో పదిసార్లు అనుకుంది. ఒక్కటీ బాగున్నట్టు తోచలేదు.

ఓ సాయంత్రం ఆ తలుపు తీసి ఉంది. అప్పుడే వేయించిన అరటిపండ్ల పళ్లెం పట్టుకుని పరిగెత్తింది.

లోపల ఎవరో నడివయసు ఆవిడ చాప చుడుతోంది.

"అవ్వ లేదా?"

"మా మేనత్త పోయిందమ్మా. మొన్ననే మావయ్య పక్కన మట్టి చేశాం. గది ఖాళీ చేద్దామని వచ్చా."

నికెన్ గుమ్మంలోనే కూర్చుంది. పళ్లెం ఒళ్లో పెట్టుకుని పాము గురించీ, పిల్లుల గురించీ, తను అన్న మాటల గురించీ అన్నీ చెప్పేసింది.

"అవ్వకి పాములంటే అంత ఇష్టమని నాకు తెలీలేదు" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఆవిడ చేతిలో చాప అలాగే ఆగిపోయింది.

"ఇష్టమా? మా అత్తకి ఒక్కగానొక్క కొడుకమ్మా, వరి కోస్తుంటే నాగుపాము కరిచి, ఆమె ఒళ్లోనే పోయాడు."